ముల్లా వంతు

ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతుంది. ఎత్తాల్సిన పని ఉండదు. లక్ష్మీకాంతమ్మ అక్క పదేళ్ళుగా నన్ను పిలిచే పద్ధతి అది, ఒక్క రింగిచ్చి కట్ చేస్తుంది, నేను కోతకత్తిని, మా ఛురీని, గుడ్డలో చుట్టుకుని చెప్పులు వేసుకుంటాను, నాలుగిళ్ళు దాటితే వాళ్ళ పెరడు. ఈ ఊళ్ళో ఎవరింట్లో దావత్ అయినా యాట మెడ మీద ఛురీ పెట్టేది ముల్లా. మా తాత పెట్టాడు, మా అబ్బా పెట్టాడు, ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను పెడుతున్నాను. ఇవాళ అక్క మనవరాలికి పుట్టు వెంట్రుకలు తీయించి దావత్ చేస్తున్నారు. రెండు మేకపోతులు నిన్న సాయంత్రమే దిగాయి. చూడకుండా చెప్పగలను, ఒకటి ముదురుది, ఒకటి లేతది. రాత్రి లేతది నిద్రపోనివ్వలేదు. నేను పొద్దున్నే స్నానం చేసి, నమాజుకు ముందులా కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని, ఛురీని సాన మీద రుద్ది బొటనవేలి గోటి మీద చూసుకుని, గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫోను మోకాలి మీద ఉంది. జేబులో పెట్టుకుంటే వినిపించదేమోనని భయం, ఒక్క రింగే కదా, తప్పిపోతే తప్పిపోయినట్టే. తొమ్మిదైంది. ఆలస్యమే, మామూలుగా ఎనిమిదికే మోగుతుంది, కానీ పిల్ల గుండు గీయించుకోనని ఏడుస్తుందేమో, మంగలాయన రాలేదేమో, దావత్ ఇంట్లో వంద పనులుంటాయి. నా మనసు నాకు ఇలా సాకులు అందిస్తూనే ఉంది, పెళ్ళివారి తరఫు మనిషిలా.

చొక్కా జేబులో కాగితం ఉంది. కదిలితే చప్పుడు చేస్తుంది, అందుకని కదలకుండా కూర్చున్నాను. నా బిడ్డ మెహ్జబీన్ టైప్ చేయించిన దరఖాస్తు అది. పిల్ల లా కోర్సు చదువుతోంది, పేట్ బషీరాబాద్‌లో ఇద్దరు స్నేహితురాళ్ళతో గది తీసుకుని ఉంటుంది. మొన్న శుక్రవారం వచ్చి ఫోను నా ముఖం ముందు పెట్టింది. ఊరి కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో తీర్మానమట. ఇక నుంచి మన ఇళ్ళల్లో యాట కోతకు బయటివాళ్ళను పిలవవద్దు, మనవాళ్ళతోనే కోయించుకోవాలి. కింద దండాలు పెట్టే చేతుల బొమ్మలు అరవై దాకా ఉన్నాయి. పెట్టింది అన్వేష్, లక్ష్మీకాంతమ్మ అక్క కొడుకు. వాడి పుట్టు వెంట్రుకల దావత్‌కు కోసింది నేనే. బయటివాళ్ళు అన్న మాట మీద నేను చాలాసేపు ఆగిపోయాను. మా తాత గోరీ ఈ ఊరి చెరువు గట్టు కింద ఉంది, వెంచర్ వాళ్ళు కాంపౌండు కట్టేటప్పుడు చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టి వదిలేశారు. "కలెక్టరాఫీసుల సోమవారం ప్రజావాణి ఉంటది అబ్బా, దరఖాస్తు ఇద్దాం" అంది మెహ్జబీన్. ఏమని ఇస్తామే, యాట కొయ్యడానికి నన్ను పిలవలేదు అనా? నవ్వుతారు అన్నాను. నవ్వితే నవ్వనీ, వెలి వెలే, దానికి రాజ్యాంగంలో మాట ఉంది అంది. పిల్లకు రాజ్యాంగం నోటికొచ్చు, మా అబ్బాకు ఖురాన్ వచ్చినట్టు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం పదింటిదాకా చూస్తాను. అక్క ఫోను వస్తే కాగితం చింపేస్తాను. రాకపోతే సంతకం పెడతాను. అక్క చేస్తుంది, నువ్వే చూస్తావు అని గట్టిగా చెప్పి పంపాను. పిల్ల బస్సెక్కేదాకా గట్టిగానే ఉన్నాను.

లేతది మళ్ళీ అరుస్తోంది. దాహమేమో. కోసే ముందు నీళ్ళు తాగించాలి, అబ్బా మొట్టమొదట నేర్పింది ఛురీ పట్టడం కాదు, నీళ్ళ చెంబు పట్టడం. జీవానికి ఛురీ కనపడకూడదు. ఒకదాని ముందు ఇంకొకదాన్ని కోయకూడదు. తల పడమరకు తిప్పి, వీపు నిమిరి, అల్లా పేరు తీసి, ఒక్కసారిగా. చెయ్యి వణికే రోజు పని ఒప్పుకోకు అనేవాడు. నాకు ఒక్కసారి వణికింది, షహర్ బాను చనిపోయిన నెలలో. మా ఆవిడ. నలభయ్యో రోజు కాకముందే అక్క ఇంట్లో ఏదో కార్యం, వెళ్ళాను, చెయ్యి ఆగడం లేదు. అక్క పెరటి మెట్ల మీద నిలబడి చూసి, "ఇయ్యాల వద్దు తమ్మీ, కోడిగుడ్లు ఉడకబెడతం" అంది. చుట్టాలందరికీ గుడ్ల కూర పెట్టింది ఆ రోజు. అలాంటి మనిషి ఒక్క రింగు ఇవ్వకుండా ఉంటుందా?

అంతకన్నా ముందరి సంగతి ఒకటుంది, నేను దాని మీదే బతుకుతున్నానని చెప్పాలి. నాకు ఎనిమిదేళ్ళు. అక్క అత్తగారు శివమ్మ అవ్వ ఇంట్లో దావత్. అబ్బా కౌకూర్‌లో పెళ్ళికి పోయి బస్సు దొరక్క చిక్కుకుపోయాడు. పొద్దున పది అయింది, పన్నెండయింది, రెండయింది. చుట్టాలు అరుగుల మీద కూర్చుని ఆకలికి తమలపాకులు నములుతున్నారు. ఎవరో పెద్దాయన, ఒక్క పూటకేమైంది, నేను కోస్తా తెండి అని లేచాడు. అవ్వ గంటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. మూడింటికి అబ్బా చెమటలు కక్కుతూ వచ్చి తప్పైంది అవ్వా అంటే ఆమె అన్న మాట నేను అక్కడే నిలబడి విన్నాను. "నువ్వు కొయ్యంది మీరు తినరు గదరా. మీరు తినని కూర నా ఇంట్ల వండుడెందుకు?" అంతే. ఆ మధ్యాహ్నం నేనూ అబ్బా ఆ అరుగు మీద అందరి వరసలో కూర్చుని తిన్నాం. లక్ష్మీకాంతమ్మ అక్క అప్పటికి ఆ ఇంటికి కోడలుగా రాలేదు. మతాల గురించి ఎక్కడ గొడవైనా, టీవీలో ఎవరేం అరిచినా, నేను లోపల ఆ మాటే తిప్పుకుంటాను. మీ ఊళ్ళల్లో ఏమో గానీ మా ఊళ్ళో మేం తినాలని పొయ్యి ఆపారు. మెహ్జబీన్‌కు ఎన్నిసార్లు చెప్పానో. నువ్వు చెప్పే ఊరు ఇప్పుడు ఎక్కడుంది అబ్బా అంటుంది. నాలుగిళ్ళ అవతల ఉంది అంటాను.

ఫోను మోగింది. రెండో రింగు కూడా వచ్చింది, అంటే అక్క కాదు. ఎవరో అమ్మాయి, మర్యాదగా, సార్ శామీర్‌పేట దగ్గర గేటెడ్ కమ్యూనిటీ, రింగురోడ్డుకు ఐదు నిమిషాలు, ప్లాట్లు చూస్తారా అంది. అది మా ఊరే. ఆమె చెప్పిన సర్వే నంబరు పొలంలో నేను బోరు మోటార్లకు వైండింగ్ చేశాను, నా అసలు బతుకుతెరువు అదే, ఛురీ కాదు. ఊరికే, మాట్లాడే మనిషి దొరికింది కదా అని, చూస్తానమ్మా అన్నాను. మీ పేరు సార్? షౌకత్ అలీ. ఒక్క నిమిషం సార్ అంది. ఏదో పాట వినిపించింది. తర్వాత గొంతు అదే మర్యాదతో, సారీ సార్, ఆ వెంచర్‌లో ఇప్పుడు ప్లాట్లు అయిపోయాయి అంది. నిమిషంలో మూడెకరాలు అమ్ముడుపోయాయి. నాకు నవ్వొచ్చింది, షహర్ బాను ఉంటే ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం, ఆమె రాత్రి దాకా ఆ గొంతును అనుకరించేది. ఒక్కడినే కాబట్టి నవ్వు సగంలో ఆగిపోయింది. ఒంటరితనం అంటే ఇదేననుకుంటాను. నవ్వు రావడం కాదు, దాన్ని ముగించడానికి ఇంకో మనిషి లేకపోవడం.

ఆదివారం కాబట్టి హకీంపేట శిక్షణ విమానాలు కూడా లేవు. చెవి ఖాళీగా ఉంది, అన్నీ వచ్చి పడుతున్నాయి. వాళ్ళింట్లో గిన్నెలు, టెంటు వాళ్ళు ఇనుప కుర్చీలు విప్పడం, బుల్లెట్ బండి ఒకటి వచ్చి ఆగడం. "రా అన్నా, గిటు పెరట్లకెళ్ళి రా" అని అన్వేష్ గొంతు. ఎవరో చుట్టం. చుట్టాన్ని పెరట్లోంచి ఎందుకు రమ్మంటాడు? ముందు గేటు లేదా? ఫోను చూశాను. తొమ్మిదీ ఇరవై. ముదురుది ఒక్కసారి గట్టిగా అరిచి ఆగింది. అది నాకు తెలిసిన ఆగడం. ఆ వెంటనే లేతది మొదలుపెట్టింది, అది రాత్రి అరిచిన అరుపు కాదు, ఆకలిదీ దాహానిదీ కాదు. దాని ముందే కోశారు. గోడ అవతలికి కూడా తీసుకుపోలేదు. నేను కుర్చీలోంచి లేచాను, ఎందుకో తెలియదు, ఒరేయ్ దాన్ని అవతలకు కట్టేయండ్రా అని చెప్పడానికేమో. లేచి నిలబడ్డాను, అంతే. పిలవని ఇంటికి ఛురీతో వెళ్ళే ముల్లాను ఏమనుకుంటారో ఈ రోజుల్లో నాకు తెలుసు. లేతది కూడా ఆగిపోయింది. నేను మళ్ళీ కూర్చున్నాను. ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, ఆ రెండు అరుపులకు మధ్య తేడా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు.

లేకేం, యాదయ్య ఉన్నాడు. వాడికి తెలుసు. నేను కోసి పక్కకు జరిగితే పోతును కొక్కేనికి తగిలించి తోలు ఒలిచేది వాడే. ముప్పై ఏళ్ళు ఇద్దరం ఒకే నెత్తురు తొక్కాం. ఇవాళ వాణ్ణీ పిలిచి ఉండరు, ఆ బుల్లెట్ బండి మనిషే అంతా చేస్తాడు. మెహ్జబీన్ కాగితంలో అడుగున సాక్షులు అని రాసి ఒకటి, రెండు అని గీతలు పెట్టింది. ఎవరు పెడతారు అబ్బా అంటే యాదయ్య అన్నాను. అన్నానే గానీ ఈ మూడు రోజులూ వాడి గడప తొక్కలేదు. ఎందుకంటే, ఒకటి ఒప్పుకోవాలి. దావత్‌లో నేను అరుగు మీద వరసలో తినేటప్పుడు యాదయ్య కొట్టం పక్కన ఆకు పరుచుకుని తినేవాడు. నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. నేను చూసేవాణ్ణి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా, వీడూ ఇటు రాకూడదా అవ్వా అని అడగలేదు. నన్ను వరసలో కూర్చోబెట్టారన్న సంతోషంలో వరసలో లేనివాడు నాకు కనిపించలేదు, కనిపించలేదని కాదు, కనిపిస్తే నా చోటు కదులుతుందని భయం. ఇప్పుడు వెళ్ళి సంతకం పెట్టరా అంటే వాడు ఏమంటాడు? నాకు సిగ్గుగా ఉంది. రాజ్యాంగం ఆ రోజు కూడా ఉంది కదా, కొట్టం దగ్గర.

తొమ్మిదీ యాభై. మసాలా వాసన మొదలైంది. మనిషి ముక్కుకు మర్యాద లేదు, ఇంత జరిగినా నోట్లో నీళ్ళూరాయి. ఒప్పందం ప్రకారం ఇంకా పది నిమిషాలుంది. కోసేశారని తెలిసీ కూర్చున్నాను, ఇప్పుడు ఫోనొస్తే దేనికొస్తుంది? అయినా రావాలి. తప్పైంది తమ్మీ అనడానికైనా రావాలి. ఛురీని గుడ్డ విప్పి చూసి మళ్ళీ చుట్టాను. అప్పుడు వెనక సందులోంచి చెప్పుల చప్పుడు వినిపించింది, ఎడమ కాలు కొంచెం ఈడ్చే నడక. లక్ష్మీకాంతమ్మ అక్క. ముందు వీధిలోంచి కాకుండా సందులోంచి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, మీద అరటాకు ముక్క, పట్టుచీర కొంగు దాని మీద కప్పుకుంది.

"ఏం షౌకత్ తమ్మీ, తలుపుల్నే కూసున్నవు?"

"రా అక్కా, కూసో."

కూర్చోలేదు. గిన్నె నా ముందు పట్టింది. "నీ వంతు తెచ్చిన. మెడ మొత్తం నీకే తీసిపెట్టిన, గుండెకాయ గూడ ఏసిన. ఎవ్వరితోనన్న పంపుదమనుకున్న గని నేనొస్తెనే మంచిగుంటదని వచ్చిన."

"ఎవ్వరు కోసిండ్రక్కా?" తెలిసే అడిగాను.

"ఎవడో మేడ్చల్ కెళ్ళి వచ్చిండు. అన్వేష్ తెచ్చుకున్నడు. నా మాట ఇంటడా వాడు? నీకు రింగిద్దమని ఫోను పట్టుకుంటె చేతులకెళ్ళి గుంజుకున్నడు. మా ఇంటాయన పటేలు గూడ కొడుకు దిక్కే." గిన్నె ఇంకొంచెం ముందుకు జరిపింది. "పని ఎవ్వరు జేస్తేంది తియ్యి. నీ వంతు నీకు రావాలె గద. మా అత్త నాటి సంది ఇచ్చేటిది నేను ఆపుతనా?"

గిన్నె వెచ్చగా ఉంటుందనుకున్నాను, చల్లగా ఉంది, పచ్చి మాంసం. తాకిన చేతులు వెనక్కి తీసుకున్నాను. "మేము తినొద్దక్కా గది" అన్నాను.

"ఎందుకు తినొద్దు?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. అబద్ధం కోసం వెతికాను, దొరికితే బాగుండేది. లేదు. ఆమెకు నిజంగా తెలియదు. ముఖం ఎర్రబడింది. "ఇన్నేండ్లు మా ఇంట్ల తింటివి. ఇయ్యాల మా కూరకు మైల వచ్చిందా? వాడు జేసిన పనికి నన్ను ఎలేస్తవా తమ్మీ?"

"నేను కోసేటప్పుడు అల్లా పేరు తీస్త గద. ఎందుకనుకున్నవక్కా?"

"గది నీ అలవాటనుకున్న. నీ చెయ్యి సల్లనిది, జీవం కొట్టుకోకుంట పోతది, గందుకే మా అత్త నిన్ను పిలువుమనేదనుకున్న."

"పేరు తీసి కోసిందే మేము తినాలె. మేము గూడ మీతోని కూసోని తినాలెనని మీ అత్తమ్మ మా అబ్బా వచ్చేదాక పొయ్యి ముట్టియ్యలే."

అక్క గిన్నె కిందికి దించింది. కొంగు జారింది. "నాకెవ్వరు చెప్పలే" అంది చాలా మెల్లగా.

ఎవరూ చెప్పలేదు. శివమ్మ అవ్వ కోడలికి చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని అనుకుని ఉండదు. నేను చెప్పలేదు, తెలియకుండా ఎలా ఉంటుందనుకున్నాను. పదేళ్ళుగా ఆ ఒక్క రింగు మోగితే ఆమె పనివాణ్ణి పిలుస్తోంది, నేను చుట్టంలా బయలుదేరుతున్నాను. ఆమెకు కోపం లేదు నా మీద, ప్రేమే ఉంది, గుడ్లు ఉడకబెట్టిన చెయ్యే ఇది. కానీ నేను ఏ మాట మీద బతికానో ఆ మాట ఆ ఇంట్లో ఎప్పుడో చచ్చిపోయింది, దానికి గోరీ కూడా లేదు, నేనొక్కణ్ణే ఇన్నేళ్ళు దాని పక్కన కూర్చున్నాను. అన్వేష్ ఇవాళ ఆపింది పద్ధతిని. దాని అర్థం వాడు పుట్టకముందే పోయింది. ఆ సంగతి పొద్దున ఎనిమిదింటికి నాకు తెలియదు. తెలిస్తే ఇంత నున్నగా ఛురీ రుద్దేవాణ్ణి కాదు.

అక్క చూపు నా జేబు మీద పడింది. "గదేం కాగితం?"

"రేపు కలెక్టరాఫీసుల ఇచ్చేటిది."

ఆమెకు అర్థమైంది. ఇలాంటివి తొందరగా అర్థమవుతాయి, పటేలు ఇల్లు కదా. "నా పేరు రాసినవా?"

"లేదక్కా. ఎవ్వరి పేర్లు లెవ్వు."

తల ఊపింది. గిన్నెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "అన్వేష్ పేరు రాయకు తమ్మీ. పిల్లతల్లి ఉన్నది ఇంట్ల." కొంచెం సేపు నేనేదైనా అంటానని చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించి పంపేవాణ్ణి. అరటాకు సర్దుకుని, కొంగు కప్పుకుని, వచ్చిన సందులోంచే వెళ్ళిపోయింది. ఎడమ కాలు ఈడ్చడం చాలాసేపు వినిపించింది.

కాగితం తీసి మోకాలి మీద పరిచాను. మతం కారణంగా నా సంప్రదాయ వృత్తి నుండి నన్ను వెలివేసి నా జీవనోపాధికి భంగం కలిగించినారు, అని ఉంది. పిల్ల బాగానే రాసింది, కానీ ఇది నా ఫిర్యాదు కాదు. మెడ వంతుతో ఎవరి జీవనం గడుస్తుంది? మోటార్లున్నాయి నాకు. ఆ ముక్క మీద గీత కొట్టాను. పైన ఖాళీలో నా చేతిరాతతో, ఏడో తరగతి రాత, ఇలా రాశాను. మేము కలిసి తినేవాళ్ళం. ఇప్పుడు తినలేము. దీనికి ఏ సెక్షను పడుతుందో మెహ్జబీన్ చూసుకుంటుంది. కింద సంతకం పెట్టాను. సాక్షుల గీతలు అలాగే ఉన్నాయి. సాయంత్రం యాదయ్య ఇంటికి పోవాలి. సంతకం అడగడానికి కాదు, ముందు కొట్టం సంగతి చెప్పాలి, వాడు తిడితే తిట్టించుకోవాలి, కాగితం ఆ తర్వాత.

ఫోను మోగింది. ఒక్క రింగు, ఆగినట్టే అనిపించింది. నేను లేచి నిలబడ్డాను. ఛురీ గుడ్డ చేతిలో ఉంది, కుడికాలు చెప్పులో దూరిపోయింది, ఇదంతా నేను చేయలేదు, నా ఒళ్ళు చేసింది. రెండో రింగు వచ్చింది.

మెహ్జబీన్. "అబ్బా, పది దాటింది. పిలిచిండ్రా?"

"లేదు బేటా. తెచ్చిచ్చిండ్రు."

పిల్లకు విడమరచి చెప్పక్కర్లేదు. "తీస్కున్నవా?" అంది.

"తీస్కోలే." చెప్పులోంచి కాలు వెనక్కి తీసుకున్నాను. "రేపు ఎన్నింటికి పోవాలె?"